జనరల్ గారి బరువు

4 సెప్టెంబర్ 1989, సోమవారం

బ్యారక్స్ నుంచి కవరొచ్చింది. పైన కాన్ఫిడెన్షియల్ అని ఎర్ర ముద్ర. లోపల జనరల్ గారి అంత్యక్రియల ప్లాన్. మనిషి ఇంకా ఉన్నాడు, బల్ల దగ్గర కూర్చుని ఉడికించిన గుడ్డు తింటున్నాడు. అయినా మా సైన్యంలో జనరల్ స్థాయి మనిషి ఊరికే చచ్చిపోవడానికి వీల్లేదు. ముందే ప్లాన్ ఉండాలి, దాన్ని ఆయనే చూసి ఔనని సంతకం పెట్టాలి.

జనరల్ సర్ లయొనెల్ హాబర్లీ తన చావు ప్లాన్‌ని ట్రైనింగ్ నోట్ దిద్దినట్టు ఎర్ర పెన్సిల్‌తో దిద్దారు. రెండో కీర్తన కొట్టేశారు, బాగా సాగదీస్తారట. లిల్లీ పూలు వద్దన్నారు. చర్చి మెట్ల దగ్గర పెట్టె మోసేవాళ్ళు ఎడమకి తిరగాలిగాని కుడికి కాదన్నారు. అంచున 'మొత్తానికి ఫర్వాలేదు' అని రాశారు. క్రిస్మస్ దాకా ఉంటారని పోయిన వారం డాక్టర్ చెప్పినప్పుడు కూడా ఇలాగే తలూపారు.

నాకో పని తగిలింది. ప్రతి సోమవారం ఆయన్ని బాత్‌రూమ్ తూకం మీద నిలబెట్టి, ఎంతున్నారో బ్యారక్స్‌లో సార్జెంట్ మేజర్ టజ్‌కి ఫోన్ చెయ్యాలి. అక్కడ ఆరుగురు కుర్ర సిపాయిలు శవపేటికలో సరిగ్గా అంత బరువు ఇసుక మూటలు పెట్టుకుని, మోయడం ప్రాక్టీస్ చేస్తారు. అసలు రోజున ఎవరి భుజమూ కుంగకూడదు కదా.

ఇవాళ పన్నెండు స్టోన్ల రెండు పౌండ్లు, అంటే డెబ్భై ఏడు కిలోలు.

5 సెప్టెంబర్

ముప్ఫై ఎనిమిదేళ్ళు ఆయన కారు తోలాను. ఇప్పుడు ఆయన్ని తూకం వేస్తున్నాను. ప్రమోషనో ఏమో.

11 సెప్టెంబర్, సోమవారం

పదకొండు స్టోన్ల పది. తూకం మీద నిలబడి ముల్లు వంక చూడరు. నా మొహం చూస్తారు.

పొద్దున్న బ్యారక్స్ మైదానానికి వెళ్ళాను. ఆరుగురూ ఒకే ఎత్తు, ఒకరి భుజం మీద ఇంకొకరి చెయ్యి. నెమ్మదిగా, కాళ్ళు ఈడుస్తున్నట్టు నడిచారు. టజ్ పక్కనే వెనక్కి నడుస్తూ బూతులన్నీ గుసగుసగా తిట్టాడు. అంత్యక్రియల్లో అరవకూడదు గనక తిట్లు కూడా ఇప్పటినుంచే ప్రాక్టీస్ చేస్తున్నానన్నాడు. బాగా నవ్వుకున్నాం.

18 సెప్టెంబర్, సోమవారం

పదకొండు స్టోన్ల మూడు. టజ్ మూటల్లోంచి ఏడు పౌండ్ల ఇసుక తీసేశాడు. కుర్రాళ్ళు మాత్రం పోయిన వారం కంటే బరువెక్కిందని గొణిగారట. రాత్రి తాగిన బీరు బరువులెండ్రా అని తిట్టానన్నాడు.

21 సెప్టెంబర్

మళ్ళీ టజ్ ఫోన్. ఆరుగురు చాలక ఎనిమిది మందిని పెట్టాడట. పెట్టెని వంటశాలకి మోయించి, బంగాళాదుంపల బస్తాలు తూచే కాటా మీద పెట్టించాడు. లెక్క సరిగ్గా ఉంది, ఒక్క పౌండు తేడా లేదు. మళ్ళీ భుజాలకెత్తితే ఎనిమిది మందికీ మోకాళ్ళు వంగాయి. తనే ఒక మూల భుజం పెట్టి చూశాడట. అంతదాకా నవ్వుతూ చెప్పినవాడు, జనరల్ గారికి చెప్పొద్దన్నాడు.

చెప్పలేదు. చెప్పకుండా ఉండటంలో నన్ను మించినవాడు లేడు.

27 సెప్టెంబర్, బుధవారం

మిస్ కార్‌ఫీల్డ్ వచ్చింది. ఏటా సెప్టెంబర్ ఆఖరి బుధవారం బస్సు దిగి, గేటు దాటి, అదే నీలం కోటు వేసుకుని వస్తుంది. ఏటా ఆయన నిద్రపోతున్నారని నేను చెబుతాను. ఇవాళా అదే చెప్పాను. ఆయన కిటికీ తెర వెనక కుర్చీలో నిటారుగా కూర్చుని ఉన్నారు.

ఇది ఎక్కడా రాయలేదు. రాసేస్తాను.

1951, కొరియా. మాది జిల్లా రెజిమెంటు, సగం కంపెనీ ఈ ఊరివాళ్ళే. హాబర్లీ అప్పుడు మేజర్, మా కంపెనీ కమాండర్. నేను సిగ్నలర్ బెడోస్‌ని, ఆయన వైర్‌లెస్ మోసేవాణ్ణి. ఇరవయ్యేళ్ళు. లెఫ్టినెంట్ ఎడ్మండ్ కార్‌ఫీల్డ్ పదకొండు మందితో ముందున్న చిన్న గుట్ట మీద ఉన్నాడు. మధ్యాహ్నం శత్రువు విరుచుకు పడ్డాడు. మేజర్ గారు మిగతా కంపెనీ మొత్తాన్నీ వెనక్కి లాగారు, ప్రాణాలు దక్కించారు. గుట్ట మీద వాళ్ళకి రమ్మని చెప్పలేదు. మర్చిపోయారు, అంతే. తర్వాత ఎన్నోసార్లు క్లబ్బుల్లో గొడుగు మర్చిపోవడం చూశాను. సరిగ్గా అలాగే.

పన్నెండు మందీ పోయారు.

విచారణ జరిగింది. మూడింటికే వెనక్కి రమ్మని వైర్‌లెస్‌లో ఉత్తర్వు పంపానని, కార్‌ఫీల్డ్ మెడల్ మీద ఆశతో ఖాతరు చెయ్యలేదని మేజర్ గారు చెప్పారు. నన్ను పిలిచి, ఉత్తర్వు పంపావా అని అడిగారు. పంపాను సర్ అన్నాను.

కంపెనీని కాపాడినందుకు మెడల్ ఆయనకొచ్చింది. ఆ మీదట మలయా, సైప్రస్, జర్మనీ, లండన్‌లో వార్ ఆఫీసు. కర్నల్, బ్రిగేడియర్, జనరల్, సర్. ఎక్కడికి బదిలీ అయినా డ్రైవర్ని నేనే. రిటైరయ్యాక గేటు పక్క ఇల్లు నాకిచ్చారు. నోరు మూసుకోమని ఒక్కసారి కూడా అనలేదు. అనాల్సిన పని పడలేదు.

ఊరి మధ్య స్మారక శిల మీద పదకొండు పేర్లే ఉన్నాయి. కార్‌ఫీల్డ్ పేరు చెక్కితే మర్నాడే ఉలితో గీకేస్తామని ఆ పదకొండు ఇళ్ళవాళ్ళూ అప్పట్లోనే చెప్పారు. మా పిల్లల్ని వాడి గొప్పకోసం చంపుకున్నాడన్నారు. ఆ తల్లులు పోయారు, తమ్ముళ్ళు, మేనల్లుళ్ళు ఇప్పుడు శిల కమిటీలో ఉన్నారు. అతని చెల్లెలు మిస్ కార్‌ఫీల్డ్ ఏటా అర్జీ పెడుతుంది. జనరల్ గారు ఒక్క మాట చెబితే చెక్కుతామని వాళ్ళు ఏటా అంటారు. ఆ ఒక్క మాట కోసమే ఈవిడ బస్సెక్కి వస్తుంది.

ఇవాళ గుమ్మంలో నిలబడి ఇంకొకటి చెప్పింది. తన చూపు వసంతకాలం దాకా ఉండదట. అన్నయ్య పేరు రాతి మీద తన కళ్ళతో చదవాలట. అక్టోబర్ పదిహేడున కమిటీ కూర్చుంటుంది, తనకిదే ఆఖరి ఏడు అంది. ఏడవలేదు. టీ ఇస్తానన్నాను, బస్సు టైమైందంది.

2 అక్టోబర్, సోమవారం

పది స్టోన్ల తొమ్మిది.

టజ్ ఫోన్‌లో నవ్వబోయాడు గాని నవ్వు రాలేదు. ముందు వరసలో లీడ్స్ కుర్రాడొకడున్నాడు, పందొమ్మిదేళ్ళు, మా ఊరు రావడమే ఇది మొదలు. పెట్టె దించాక వాణ్ణి ఏమైందిరా అని అడిగితే, ఇందులో ఒక మనిషి బరువు కాదు సర్, పన్నెండు మందిని మోస్తున్నట్టుంది అన్నాడట. పది కాదు, ఇరవై కాదు, పన్నెండే ఎందుకురా అంటే, ఏమో సర్, భుజానికి తెలిసిపోతోంది అన్నాడట.

రిసీవర్ చేతిలోంచి జారింది. తీసి, లైన్ బాగాలేదని చెప్పాను.

3 అక్టోబర్

చెప్పేశాను. జనరల్ గారు సూప్ చెంచా కింద పెట్టి, వాడికి ఎవరు చెప్పారు అని అడిగారు. ఎవరూ చెప్పలేదు సర్ అన్నాను. చలిగా ఉంది, కిటికీ వెయ్యమన్నారు.

కిటికీ వేసే ఉంది.

6 అక్టోబర్, శుక్రవారం, పొద్దున్న తొమ్మిది

ఇప్పుడే బ్యారక్స్ నుంచి వచ్చాను.

పెట్టెని రెండు బల్లల మీద ఉంచారు. ఎండ బాగానే ఉంది, కుర్రాళ్ళు దూరంగా సిగరెట్లు కాలుస్తున్నారు. ఎవరూ ముట్టుకోకుండానే ఒక బల్ల కాలు ఫట్టుమని విరిగింది. టజ్ తిట్టి, ఇంకో బల్ల తెప్పించాడు. నేను దగ్గరికెళ్ళి మూత మీద చెయ్యి వేశాను. లోపల కదులుతున్నారు. దబదబా కొట్టుకోవడం కాదు. ఇరుకు కందకంలో ఒకడొస్తే మిగతావాళ్ళు ఒత్తుకుని చోటిస్తారు చూడు, అలా. నాకు ఆ కదలిక బాగా తెలుసు. వాళ్ళ పక్కన ఎన్ని పగళ్ళు అలా ఒత్తుకుని కూర్చున్నానో.

టజ్ మూత తీయించాడు. ఇసుక మూటలే. నోళ్ళకి తాడు కట్టి, మిలిటరీ పద్ధతిలో సర్దినవి.

టజ్ నా వంక చూసి, నీకేమైనా తెలుసా స్టాన్ అని అడిగాడు.

9 అక్టోబర్, సోమవారం

పది స్టోన్ల ఒకటి.

తూకం దిగి, కాగితం పెన్నూ తీసుకోమన్నారు. స్టేట్‌మెంట్ చెబుతానన్నారు. ముప్ఫై ఎనిమిదేళ్ళకి ఈ మనిషి నోరు తెరుస్తున్నాడు, మిస్ కార్‌ఫీల్డ్ పదిహేడో తారీఖుకి అందుకుంటుంది అనుకుని ఇంకు పోసుకుని కూర్చున్నాను.

కార్‌ఫీల్డ్ ఉత్తర్వు ధిక్కరించలేదు అని మొదలుపెట్టారు. ధైర్యంగా, తనకి అప్పగించిన చోటే ప్రాణం విడిచాడు అన్నారు. బాగా చెప్పారు. రాస్తున్నాను. తర్వాతి వాక్యం: 'వెనక్కి రమ్మని నేనిచ్చిన ఉత్తర్వుని నా సిగ్నలర్ బెడోస్ పంపలేదు. భయపడి ఆ సంగతి విచారణలో దాచాడు. ఇది నాకు ఈ మధ్యనే తెలిసింది.'

అదీ రాశాను. చెప్పింది రాసే అలవాటు చేతికి. ఆఖరి మాట దాకా రాసి, చుక్క పెట్టి, అప్పుడు చదువుకున్నాను. కింద తన సంతకానికి చోటు, పక్కన నాది. నేను ఒప్పుకుంటున్నట్టు.

ఆయన నా వంక చూడకుండా అన్నారు, "నాకు రెజిమెంటు పేరుంది బెడోస్. నీకేముంది పోవడానికి?"

10 అక్టోబర్

ఒళ్ళు మండిపోతోంది. కారు మూడుసార్లు కడిగాను.

12 అక్టోబర్, గురువారం

సంతకం పెట్టకపోతే ఆయన పెట్టరు. ఆయన పెట్టకపోతే శిల మీద పేరు లేదు. నేనొక్కణ్ణే వెళ్ళి నిజం చెబితే, జనరల్ సర్ హాబర్లీ మీద డ్రైవర్ మాట ఎవడు నమ్ముతాడు? ఆయన మళ్ళీ కుర్చీలో నిటారుగా కూర్చుని కాదంటారు. కమిటీ వచ్చే ఏడు చూద్దామంటుంది. ఆవిడకి వచ్చే ఏడు లేదు.

పెడితే, ఈ ఊళ్ళో నేను పదకొండు మంది పిల్లల్ని చంపినవాణ్ణి. రొట్టె కొనేది ఆ ఇళ్ళలో ఒకరి దగ్గర. జుట్టు కత్తిరించేది ఇంకొకరు.

పైగా ఆ కాగితంలో ఒక ముక్క నిజం. భయపడి విచారణలో దాచాడు అన్నది. ఏం దాచానన్నది మాత్రం ఆయనకీ పూర్తిగా తెలియదు.

13 అక్టోబర్

పెట్టేశాను.

14 అక్టోబర్, శనివారం

పొద్దున్నే టజ్ ఫోన్. పెట్టె తేలికైపోయింది! ఆరుగురూ ఒక్క ఊపున ఎత్తారు, మెట్లెక్కారు, ఎడమకి తిరిగారు, చూడముచ్చటగా వచ్చిందన్నాడు. లీడ్స్ కుర్రాడు కూడా ఇప్పుడు ఒక్కరే సర్ అన్నాడట. ఆ మూటల్లో తడి చేరి ఉంటుంది, ఇప్పుడు ఆరిపోయిందని టజ్ తనకి తనే సర్దిచెప్పుకుంటున్నాడు. మంచిది.

ఫోన్ పెట్టి మేడ ఎక్కబోయాను. మొదటి మెట్టు నా కాలికింద మూలిగింది. ఇరవై ఏళ్ళుగా ఎక్కుతున్న మెట్టు. మూడోది పగిలింది.

17 అక్టోబర్, మంగళవారం

కమిటీ ఒప్పుకుంది. ఇన్నేళ్ళ తర్వాత అయిదు నిమిషాల్లో తేల్చారట. శిల్పి శుక్రవారం వస్తాడు.

20 అక్టోబర్

రొట్టెల కొట్టులో ఎల్సీ ప్రీస్ నన్ను చూసి లోపలికి వెళ్ళిపోయింది. వాళ్ళ చిన్నాన్న పేరు శిల మీద నాలుగోది. కాసేపు నిలబడి వచ్చేశాను. వస్తుంటే వాన తడికి మెత్తబడిన పచ్చికలో నా బూట్లు చీలమండల దాకా దిగిపోయాయి. పక్కనే పోతున్న పోస్ట్‌మాన్ అడుగులకి గడ్డి కూడా నలగలేదు.

జనరల్ గారి తూకం మీద నన్ను నేను తూచుకున్నాను. పదకొండు స్టోన్ల నాలుగు. ఎప్పుడూ ఉండేదే. అదే వింత. ముల్లు మామూలుగా ఉంది, కింద నేల పలక చీలింది.

23 అక్టోబర్, సోమవారం

తూచడానికి వెళ్ళాను. తెల్లటి దిండు మీద చిన్నపిల్లాడిలా ఉన్నారు, మొహం తేటగా ఉంది. ఇంత హాయిగా ఆయన్ని ఎప్పుడూ చూడలేదు. చెయ్యి పట్టుకున్నారు, ఇన్నేళ్ళలో మొదటిసారి.

"వాళ్ళు వెళ్ళిపోయారు బెడోస్," అన్నారు. "ఎక్కడికెళ్ళారో కాస్త చూడు."

చూడక్కర్లేదు సర్ అన్నాను. మంచం పక్కన మోకాళ్ళ మీద ఉన్నాను, లేవడం నా వల్ల కావడంలేదు. పదిన్నరకి పోయారు. బ్యారక్స్‌కి ఫోన్ చేసి, అలవాటు కొద్దీ ఇవాళ్టి బరువు తూచలేదని చెప్పాను.

30 అక్టోబర్, సోమవారం

అంతా ప్లాన్ ప్రకారమే. లిల్లీలు లేవు, రెండో కీర్తన లేదు. ఆరుగురు కుర్రాళ్ళూ పూలబుట్ట మోసినట్టు మోశారు. బిషప్ గారు జనరల్ గారి జీవితం మొత్తం చెప్పారు. కొరియాలో కంపెనీని కాపాడిన తీరు చెప్పినప్పుడు చర్చిలో ఎవరో ముక్కు చీదారు. మూడు తరాలు చెప్పుకునే మనిషి అన్నారు.

అందరూ లేచారు. నేను లేవలేకపోయాను. బెంచీ నా కింద కిర్రుమంటోంది. టజ్ వచ్చి చెయ్యిచ్చి లాగాడు, ఎద్దులాంటి మనిషి, కదల్చలేకపోయాడు. ఇంకో ఇద్దరు వచ్చారు. లీడ్స్ కుర్రాడు నా చంక కింద భుజం పెట్టినవాడు అలా ఆగిపోయాడు. నా వంకే చూశాడు. వాడి భుజం గుర్తుపట్టింది.

పాపం, మిగతావాళ్ళతో కలిసి ఎత్తాడు.

5 నవంబర్, ఆదివారం

మిస్ కార్‌ఫీల్డ్ కేక్ తెచ్చింది. మధ్యాహ్నం మూడింటికి. గేటు దాటి పెద్దింటికి వెళ్ళకుండా తిన్నగా నా గుమ్మంలోకి వచ్చింది.

కూర్చుని, చేతి తొడుగులు తీసి, మిమ్మల్ని క్షమించాను మిస్టర్ బెడోస్ అంది. ఇరవయ్యేళ్ళ కుర్రాడు ఆ గోలలో సందేశం పంపడం మర్చిపోతే అదేం పెద్ద పాపం అంది. ఇన్నాళ్ళకైనా ఒప్పుకోవడానికి ఎంత గుండె కావాలి అంది. ఊరు నన్ను వెలేసిందని విని, అందుకే పట్టపగలు అందరూ చూస్తుండగా వచ్చానంది.

రొట్టెల కొట్టు ఎల్సీ తిడితే భరించాను. ఇది భరించలేకపోయాను. నేను చెయ్యని తప్పుకి నన్ను క్షమిస్తోంది. చేసింది ఆవిడకి తెలియదు.

చెప్పేశాను. ఉత్తర్వే లేదు. ఆయన ఇవ్వలేదు, నేను పంపలేదు, విచారణలో అబద్ధమాడాను. అంతా కాగితం మీద రాసి, సంతకం పెట్టి ఆవిడ చేతికిచ్చాను, మీ ఇష్టం వచ్చినట్టు చేసుకోండి అన్నాను. మడిచి సంచీలో పెట్టుకుంది. ఇంకేమైనా ఉందా అని అడిగింది. కళ్ళు సరిగ్గా ఆనవు గాని ఆవిడకి అన్నీ కనిపిస్తాయి.

ఉంది.

ఆ రోజు కంపెనీ కొండ దిగుతోంది. నా వీపు మీద వైర్‌లెస్ సెట్, చెవులకి హెడ్‌ఫోన్లు. కార్‌ఫీల్డ్ గొంతు వచ్చింది. నెమ్మదిగా, మర్యాదగా, వెనక్కి రావచ్చా అని అడిగాడు. నేను మేజర్ గారికి చెప్పాను. ఆయన మ్యాప్ చూస్తూ చెయ్యి ఊపారు, తర్వాత అన్నట్టు. మళ్ళీ అడిగాడు. మళ్ళీ చెప్పాను. మూడోసారి అడిగినప్పుడు వెనకాల కుర్రాళ్ళ గొంతులు కూడా వినిపించాయి. నేనే రమ్మని ఉంటే వచ్చేవాళ్ళు. ఒక్క మాట. చెప్పే అధికారం నాకు లేదు, అంతే అనుకున్నాను. వినలేకపోయాను. సెట్ ఆపేశాను.

చెబుతూ ఏడ్చాను. ఆవిడ ఏడవలేదు. కేక్ కోసి, ఒక ముక్క ప్లేటులో పెట్టి నా ముందుకి జరిపింది.

"అయితే వాళ్ళకి ఇంకా ఎవరూ జవాబు చెప్పలేదన్నమాట," అంది.

12 నవంబర్, యుద్ధమృతుల స్మారక ఆదివారం

ఒక్కో అడుగూ ఈడ్చుకుంటూ వెళ్ళాను. శిల మీద పన్నెండు పేర్లు. మిస్ కార్‌ఫీల్డ్ ముక్కు రాతికి ఆనించి చదువుకుంది.

పదకొండు కొట్టగానే ఊరంతా తలలు వంచి రెండు నిమిషాల మౌనం పాటించింది. పసిపిల్లలు కూడా నోరెత్తని మౌనం. అందులో చెవి దగ్గర వైర్‌లెస్ సెట్‌లోలా బరబరమని చప్పుడు, ఆ వెంటనే ఆ గొంతు, అంతే మర్యాదగా. రావచ్చా?

రండి, అన్నాను. పైకే అన్నాను. ఊరంతా తలెత్తి నన్ను చూసింది.

తర్వాత వాళ్ళ చూపులు నన్ను దాటి, నా వెనక్కి వెళ్ళాయి.